ఆపిల్ ముక్కలూ, అంబులెన్సూ

ఆదివారం పొద్దున్నే టైలరు రెండు కిలోల ఆపిల్ పళ్ళు ముందేసుకుని కూర్చున్నాడు. భార్య మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్న ఈ ఐదు వారాల్లో, పై అంతస్తులో ఉండే నర్సు ఒక్క రోజు కూడా నాగా పెట్టలేదు. డ్యూటీకి వెళుతూ ఒకసారి, వస్తూ ఒకసారి తొంగిచూసి, కాలికింద దిండు సర్ది, మందులు మింగించి వెళ్ళేది. టీ ఇస్తానన్నా "ఇంకోసారి బాబాయ్‌గారూ" అనేది.

ఆమెకు ఆపిల్ చిప్స్ అంటే ప్రాణమని భార్య మాటల్లో పెట్టి కూపీ లాగింది. కొనిస్తే ఏం గొప్ప? తన చేత్తో చేసి, చెప్పకుండా తీసుకెళ్ళి ఇవ్వాలనుకున్నాడు టైలరు. వేరే ఊళ్ళో ఉన్న అక్కకు ఫోన్ చేశాడు.

"సన్నగా కోసి, ఓవెన్‌లో తక్కువ వేడి మీద ఎండనివ్వరా. మాటిమాటికీ తలుపు తియ్యకు. మధ్యలో నేనే ఫోన్ చేస్తాలే" అంది అక్క.

కోయడంలో అతనికి తిరుగులేదు. టేపు పక్కన పెట్టుకుని మరీ కోశాడు. ఆగడమే చేతకాలేదు. పది నిమిషాలకోసారి తలుపు తెరిచి, ఒక ముక్క వంచి చూసి, నిట్టూర్చి మూసేవాడు. మూడు గంటలైనా ముక్కలు బెల్టుల్లా వంగుతున్నాయే తప్ప విరగడం లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. చేతులు జిగటగా ఉన్నాయని మోచేత్తో స్పీకర్ నొక్కాడు. వంటింటి ఫ్యాను రొదలో ఒక ఆడగొంతు వినిపించింది.

"ఎలా ఉంది ఇప్పుడు?"

అక్కే అనుకున్నాడు. "ఏం చెప్పను! పొద్దున్నే సన్నగా కోశాను. ఇంకా మెత్తగానే ఉంది."

"కోయడమేంటి?"

"కోసి వేడిలో పెట్టాను. అంచులు నల్లబడుతున్నాయి. ఎంత వంచినా విరగట్లేదు!"

"అయ్యో! దేన్నీ ముట్టుకోకండి! ఇప్పుడే వస్తున్నా!"

ఫోన్ ఠక్కున ఆగిపోయింది. అక్క తనను 'అండీ' అనడమేమిటా అని ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, టైలరు మళ్ళీ ఓవెన్ తలుపు తెరిచాడు.

పావుగంటలో ఆసుపత్రి నుంచి అంబులెన్సు వచ్చింది. నర్సు, వెనకే స్ట్రెచరుతో ఇద్దరు మనుషులు దూసుకొచ్చారు. నిద్రపోతున్న భార్య కళ్ళు తెరిచేసరికి గాల్లో ఉంది.

"ఎవరయ్యా మీరు? నన్నెక్కడికి మోసుకుపోతున్నారు?"

"భయపడకండి పిన్నిగారూ! బాబాయ్‌గారు మీ కాలు కోశారట కదా!"

"నా కాలా? ఈయనా?" భార్య గబుక్కున దుప్పటి ఎత్తి చూసుకుంది. సిమెంటు కట్టు చెక్కుచెదరకుండా ఉంది.

ఆ గొడవకి టైలరు కత్తితో సహా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. స్ట్రెచరు మనుషులు రెండడుగులు వెనక్కి వేశారు.

"నేను కోసింది ఆపిల్ పళ్ళమ్మా! నీ కోసమే! ఫోన్ చేసింది మా అక్కనుకున్నా!"

నర్సు తల పట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక కిందికి చూసిన ఆమె దృష్టి కట్టులోంచి బయటికి కనిపిస్తున్న వేళ్ళ మీద పడింది. "వాపు కనిపిస్తోందే. ఎలాగూ బండి వచ్చింది, పెద్ద డాక్టరుకి చూపిద్దాం పదండి."

టైలరు ఓవెన్ ఆపేసి పరిగెత్తాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక చక్కగా అతుక్కుందనీ, కట్టు బిగిసి వేళ్ళు వాచాయనీ చెప్పి అక్కడికక్కడే తీసేశాడు. "మంచి పని చేశారు, వెంటనే తీసుకొచ్చారు" అన్నాడు. సాయంత్రం భార్య మొగుడి భుజం పట్టుకుని, తన కాళ్ళ మీద తనే నెమ్మదిగా ఇంట్లోకి నడిచొచ్చింది. టైలరుకి కళ్ళు చెమర్చాయి.

"నీకు థాంక్స్ చెబుదామనే ఇదంతా మొదలుపెట్టానమ్మా. ఇవాళ కూడా మేలు చేసింది నువ్వే" అన్నాడు నర్సుతో.

ఆమె మాట తప్పించడానికి వంటింట్లోకి వెళ్ళి ఓవెన్ తెరిచింది. ఎవరూ కదపకపోవడంతో మిగిలిన వేడికి ముక్కలన్నీ ఎండి గలగలలాడుతున్నాయి. ఒకటి కొరికితే కరకరమంది. ప్లేటు నిండా తెచ్చి ముగ్గురి మధ్యా పెట్టింది.

"ఇంత బాగా ఎలా కుదిరాయి బాబాయ్‌గారూ?"

"నేను వంటింట్లో లేకపోవడం వల్లనమ్మా" అన్నాడు టైలరు.

ఐదు వారాలుగా మొగుడి వంట తింటున్న భార్య ఇంకో ముక్క అందుకుంటూ అంది: "నాకూ అదే అనుమానం."