తార్నాకలో దొరికిన సమానత్వం

గనుల గొడవలున్న ఊళ్లలో ఆడా మగా సమానత్వం ఎంతవరకు వచ్చిందో కొలిచి తీరుతామని మంత్రిగారు యూనివర్సిటీ ఆడిటోరియంలో ప్రకటించారు.

"సమానత్వం ఉందా లేదా అన్నది తర్వాత సంగతి. ముందు కొలవాలి!" అన్నారు.

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది రజిని.

పీహెచ్‌డీ చేస్తున్న రజినిది బొగ్గు గనికి ఆనుకున్న ఊరు. భూములు పోయిన ఇళ్లలో మగవాళ్లకు గనిలో ఉద్యోగాలిచ్చారు, ఆడవాళ్లకు ఇవ్వలేదు. "మాకూ కావాలె" అని ఆమె తల్లి బాలలక్ష్మి ఊళ్లో ఆడవాళ్లను వెంటేసుకుని గని గేటు ముందు కూర్చుంది. పోలీసులొచ్చి చెయ్యి విరగ్గొట్టారు. కట్టు విప్పగానే మళ్లీ వెళ్లి కూర్చుంది. ఈ తేడా సర్కారు నోటితోనే బయటపడితే ఉద్యోగాలివ్వక తప్పదని రజిని ఆశ. అందుకే ఈ కొలిచే ప్రాజెక్టులో చేరింది.

డైరెక్టర్ ప్రొఫెసర్ సోమయాజులుగారు మహా మేధావి. సమానత్వం మీద దేశదేశాల్లో మాట్లాడి వచ్చారు. గని ఒక్కటే చూడలేదు. చూద్దామని పర్మిషన్ అడిగితే పోలీసు ఆఫీసరు ఫోన్లోనే తేల్చేశాడు.

"అక్కడ గొడవలేమీ లేవు సార్. అంతా ప్రశాంతం."

"అయితే రేపే బయల్దేరతాం."

"వద్దు సార్. ప్రాణాలకు గ్యారంటీ ఇవ్వలేం."

సోమయాజులుగారు అధైర్యపడలేదు. ఆ సాయంత్రమే తార్నాకలో, తన ఇంటి వీధిలోనే గని కనిపెట్టారు. కొత్త అపార్ట్‌మెంటు కోసం అక్కడ బండ పేలుస్తున్నారు.

"సార్, ఇది సెల్లారు" అంది రజిని.

"తవ్వుతున్నారా లేదా?"

"తవ్వుతున్నరు."

"గోడలు పగిలాయని పక్కింటివాళ్లు తిడుతున్నారా లేదా?"

"బాగా తిడుతున్నరు సార్."

"గని ఉంది, ఘర్షణ ఉంది, నడిచి వెళ్లొచ్చు. ఇంకేం కావాలమ్మా?"

రజిని గుంతలోకి దిగింది. బండ కొట్టే మగవాళ్ల తలల మీద హెల్మెట్లున్నాయి. రాళ్లు మోసే ఆడవాళ్లకు తలగుడ్డలే. ఆడా మగా తేడా పెరిగేకొద్దీ మార్కులు తగ్గించే ప్రాజెక్టు ఇండెక్స్ అడుగంటింది. లోకం ముందు నిజం పెట్టబోతున్నానని రజిని పొంగిపోయింది.

కాంట్రాక్టర్ పరశురాం మాత్రం కంగారుపడ్డాడు.

"మార్కులు తక్కువొచ్చినయంట, ఏంది మేడమ్?"

"ఆడోళ్లకు హెల్మెట్లు లేవు కదన్నా."

"గంతేనా? రేపు రండి, సెట్ చేస్తా."

మర్నాడు గుంతలో ఒక్క తల మీదా హెల్మెట్ లేదు. మగవాళ్లవి కూడా తీయించేశాడు.

"చూడండి మేడమ్, అందరూ బరాబర్!"

"ఏందన్నా ఇది? రాయి తగిలితే?"

"ఎవలికైనా తగుల్తది. మన దగ్గర తేడా లేదు."

సోమయాజులుగారు ల్యాప్‌టాప్ చూసి కళ్లు తుడుచుకున్నారు. "నూటికి నూరు! ఏ దేశమూ సాధించలేదమ్మా ఇది."

"సార్, ఆడవాళ్లకు ఒక్క హెల్మెటైనా రాలేదు."

"మన ఇండెక్స్ హెల్మెట్లను కొలవదు. తేడాను కొలుస్తుంది."

రజిని అభ్యంతరం రాసిచ్చింది. ఆయన ఎంతో ఉదారంగా దాన్ని రిపోర్టు చివర్లో 'యువతలో ఉత్సాహం' అనే శీర్షిక కింద అచ్చు వేయించారు.

రిపోర్టు చదివించుకున్న మంత్రిగారు పులకించిపోయారు. ఖజానా మీద పైసా భారం పడని సమానత్వాన్ని ఆయన ఇంతవరకు చూడలేదు. 'తార్నాక మోడల్' రాష్ట్రంలోని గనులన్నిటికీ వర్తిస్తుందని మళ్లీ అదే ఆడిటోరియంలో ప్రకటించారు. కొద్ది రోజులకే మొదటి ఫలితం వచ్చింది. రజిని వాళ్ల ఊరు నూటికి నూరు తెచ్చుకుంది. ఆ ఊరి ఆడబిడ్డ అని రజినిని స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. కప్పుతుండగానే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఆమె శాలువాతోనే బయటికి పరుగెత్తింది.

"ఏమైందమ్మా?"

"గనిల మీ నాయిన కొలువు తీసేసిన్రు బిడ్డా. ఊళ్లె మొగోళ్లందర్నీ తీసేసిన్రు. ఇగ ఆడ మొగ అందరు సమానమే, గేటు కాడ కూసునే పని లేదని మైకుల చెప్పి పోయిన్రు."

రజిని భుజం మీది శాలువా తీసేసింది. "నాయిన ఏడున్నడు?" అంది.

"గీన్నే. మంచం మీద కూసున్నడు."

వెనక నుంచి తండ్రి గొంతు వినిపించింది. "ఫోన్ల ఎవలు? ముందుగాల ఇంత చాయ్ పెట్టు."

"పెడుతున్న" అంది బాలలక్ష్మి. స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది. ఫోన్ కట్టయింది.