ముక్కు మీద తీర్పు

ఆ ఉదయం కొరియాలోని మోక్పో ఊళ్లో లాయరు టక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోపు పాత తీర్పుల్లో పనికొచ్చేదొకటి వెతికి పట్టుకోవడం, ఆ తర్వాత చల్లని నూడుల్సు తినడం. ఆయన కక్షిదారు ప్యో మల్‌సున్ అనే పెద్దావిడ. మేడమీద జాడీల్లో సోయా ముద్ద పులియబెట్టి, అమ్ముకుని బతుకుతోంది. ఆ కంపు పడలేక, జాడీలన్నీ తీయించాలని పక్కింటి గుక్ దావా వేశాడు.

తీర్పులు వెతకడంలో తనను మించినవాడు లేడని టక్ నమ్మకం. కంప్యూటర్లో ‘వాసన’ అని కొడితే ఫ్యాక్టరీ పొగలు వచ్చాయి. ‘పొరుగు’ చేరిస్తే పందుల దొడ్లు వచ్చాయి. ‘పులియబెట్టిన’ అని కూడా చేర్చగానే బంగారంలాంటి తీర్పు తగిలింది. పక్కింట్లో ముక్కు పగిలే కంపుకొట్టే టేకు చేప ఊరబెడుతున్నారని ఎవరో దావా వేసి ఓడిపోయారు. ఊరంతా తినే తిండి వాసనను ఇరుగుపొరుగు ఓర్చుకోవాల్సిందేనని కోర్టు తేల్చింది. తీర్పులు బయటపెట్టేటప్పుడు పేర్లు దాచేస్తారు కనుక ఓడినవారు ‘ఎ’, గెలిచినవారు ‘బి’.

టక్ వెంటనే మల్‌సున్‌కు ఫోన్ చేశాడు. "అమ్మా, దొరికింది!"

"ఏంటి బాబూ, నా జాడీ మూతా?"

"తీర్పమ్మా! ‘ఎ’ అని ఎవడో పనీపాటా లేని తగవులమారి, పక్కింటి టేకు చేప మీద కోర్టుకెక్కి బొక్కబోర్లా పడ్డాడు."

"అదంతా కోర్టులో అనాలా?"

"అనకపోతే ఎలా? ఆ ‘ఎ’ని ఎంత ఉతికితే మనకంత మంచిది."

"కాస్త మెల్లగా ఉతుకు నాయనా."

పెద్దావిడ కదా, జాలిగుండె అనుకున్నాడు టక్.

విచారణ రోజున మెల్లగా ఉతకలేదు. "ఆ ‘ఎ’ది సున్నితమైన ముక్కు కాదు, వంకర బుద్ధి! గుక్‌గారిదీ అదే దారి!" అన్నాడు. పక్కన మల్‌సున్ గట్టిగా దగ్గింది. మెచ్చుకుంటోందనుకుని టక్ ఇంకా రెచ్చిపోయాడు. "అలాంటి మనిషి పక్కన కాపురం శవానికి తప్ప ఇంకెవరికీ సాధ్యం కాదు, జడ్జిగారూ!"

"చాల్లే, ఊరుకో!" మల్‌సున్ లేచి నిలబడింది. "ఆ ‘ఎ’ నేనే!"

టక్ చేతిలోని కాగితాలు నేలపాలయ్యాయి. గుక్ లాయరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "విన్నారా అండీ! ఒకప్పుడు వాసన పడలేనని కోర్టుకొచ్చింది ఈవిడే!"

జడ్జిగారు మల్‌సున్ వైపు తిరిగారు. "ఇప్పుడేమంటారమ్మా?"

"ఏమంటాను తల్లీ? ఓడిపోయాను. భరించమన్నారు, భరించాను. భరించీ భరించీ ఇప్పుడు ఆ చేప నేనే కొనుక్కు తింటున్నా. మీ మాట విన్నదాని జాడీలే తీయిస్తారా?"

జడ్జిగారు ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ పాత తీర్పు మీదే గుక్ దావా కొట్టేశారు. జాడీలు మేడమీదే ఉండిపోయాయి.

బయటికొచ్చాక టక్ మొత్తుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగా అమ్మా!"

"కోర్టే నా పేరు దాచిపెట్టింది కదా బాబూ. నేను టముకేసుకోవాలా?"

మర్నాడు పక్కింటి కుక్క మొరుగుతోందని ఇంకొకాయన కేసు పట్టుకొచ్చాడు. టక్ కంప్యూటరు ముట్టుకోకుండా, ముందు ఆయనకూ కుక్క ఉందేమో అడిగాడు.