చప్పుడు చేయని గొట్టం

జిన్నారం రోడ్డులోని హరితవనం కాలనీ వాసులకూ, అక్కడ ప్లాట్లు కొనదలచినవారికీ తెలియజేయునది ఏమనగా, ఈ కాలనీలో రేడియేషన్ లేదు. ఈ విషయాన్ని సైంటిస్టు శివశంకర్ గారు తన స్వహస్తాలతో తయారు చేసిన గొట్టం ద్వారా ధ్రువీకరించి ఉన్నారు. కాలనీ ముందర కట్టిన ఫ్లెక్సీలో ఆయన ఫొటో ఉంది. పక్కన నమస్కారం పెడుతున్నది సంక్షేమ సంఘం అధ్యక్షుడు జైపాల్. ఫ్లెక్సీ వేయించింది జైపాలే కనుక అతని ఫొటో కాస్త పెద్దది.

నిజానికి శివశంకర్ సైంటిస్టు కాడు. సుల్తాన్‌పూర్‌లో ఆసుపత్రి సామాను తయారు చేసే కంపెనీలో, సెలైన్ పైపులను వెలుతురుకు పెట్టి చూసి బాగున్నాయని సంతకం పెడతాడు. రోజంతా ఇతరులు చేసిన గొట్టాలను మెచ్చుకునే మనిషికి తానూ ఒక గొట్టం చేయాలనిపించడంలో వింతేమీ లేదు. పైగా ఆయన డిగ్రీలో ఫిజిక్స్ చదివాడు. ఆ సంగతి కాలనీలో ఎవరూ అడగకపోవడం ఆయనను లోలోపల తినేస్తుండేది.

ఆ రోజుల్లోనే కాలనీ బోర్లలో నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి. నురుగు కూడా రాసాగింది. శివశంకర్ పక్కింటి బక్కమ్మ మనవరాలికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. జనం రోడ్డు మీద బైఠాయిస్తే, ఎగువనున్న మందుల కంపెనీ పెద్దమనసు చేసుకుని, కారణం తేలేదాకా రోజూ మంచినీళ్ల ట్యాంకరు పంపడానికి ఒప్పుకుంది. కారణం తేల్చవలసిన అధికారులు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. వాళ్లూ రాలేదు, సీసాలూ రాలేదు. ఈలోగా ఇదంతా రేడియేషన్ పని అని వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. కాలనీలో సగం మందికి ఆ కంపెనీలోనే ఉద్యోగం. రేడియేషన్‌లో మాత్రం ఎవరికీ లేదు. అందువల్ల ఆ మాట అందరికీ నచ్చింది.

రేడియేషన్ తగిలితే టిక్కుమనే గొట్టం చేయడానికి శివశంకర్ నడుం కట్టాడు. ఏసీ మెకానిక్ దగ్గర రాగి గొట్టం ముక్క తెచ్చి, దాని నడిమధ్య సన్నని తీగ బిగించాడు. పాత ఫ్రిజ్ కంప్రెసరుతో లోపలి గాలి లాగేసి, వెల్డింగ్ షాపు వాణ్ణి బతిమాలి తెచ్చిన ఆర్గాన్ వాయువు కొంచెం నింపాడు. రేడియేషన్ లోపలికి దూరడానికి ఒక కొసన పల్చని కిటికీ ఉండాలి కనుక, ఇస్త్రీ పెట్టె విప్పి అందులోని అభ్రకం రేకు చీల్చి అతికించాడు. ఎక్కువ వోల్టేజీ కోసం దోమల బ్యాటు విప్పాడు. అది సరిపోతుందని మొదట తన వేలితోనే నిర్ధారించుకున్నాడు.

ఎన్నిసార్లో అతుకులు ఊడి, చివరకు ఒక ఆదివారం గొట్టం 'టిక్' అంది. కాసేపాగి మళ్లీ 'టిక్ టిక్' అంది. మట్టిలో, రాయిలో, ఆకాశంలో ఎక్కడైనా రేడియేషన్ పిసరంత ఉంటుంది కాబట్టి, బతికున్న గొట్టం ఎప్పుడూ అలా అంటూనే ఉండాలి. శివశంకర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. భార్య జ్యోతి వంటింట్లోంచి తొంగి చూసింది.

"బల్లి అనుకున్న. గిదా? నీళ్లు పసుపు పచ్చగున్నయని కండ్లకు కనవడుతనే ఉన్నది. దానికి గింత మిషనెందుకు?"

శివశంకర్ ఆమెకు శాస్త్రీయ దృక్పథం గురించి వివరంగా చెప్పి, ఇస్త్రీ లేని చొక్కా తొడుక్కుని డ్యూటీకి పోయాడు.

గొట్టం ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. షామియానా, లడ్డూలు మందుల కంపెనీ వారివి. కనుక ముఖ్య అతిథి ఆ కంపెనీ మేనేజరు త్రినాథరావు గారు. ఇక్కడ ఏ మిషనైనా బొట్టు పెట్టుకోకుండా పని మొదలుపెట్టదు. కంపెనీ బాయిలరైనా, జేసీబీ అయినా, బోరు మోటారైనా ముందు పసుపు కుంకుమ, ఆ తర్వాతే స్విచ్చు. కాలనీలో ఆ బాధ్యత బక్కమ్మది. ఆమె చేయి మంచిదని పేరు. ఆమె గొట్టాన్ని తిప్పి తిప్పి చూసింది. ఒక కొసన అభ్రకం కిటికీ గుండ్రంగా, చక్కగా, బొట్టు కోసమే చేసినట్టు మెరుస్తోంది. శివశంకర్ నోరు తెరిచేలోగా ఆమె బొటనవేలితో భక్తిగా, గట్టిగా ఒత్తింది.

"సల్లగుండు బిడ్డా," అంది. రేకు పగిలిన చిన్న చప్పుడు శివశంకర్‌కు ఒక్కడికే వినిపించింది.

జైపాల్ బోరు నీళ్ల బకెట్టు తెచ్చి గొట్టం ముందు పెట్టాడు. గొట్టం ఉలకలేదు, పలకలేదు. షామియానా చప్పట్లతో మారుమోగింది.

త్రినాథరావు గారు మైకు అందుకున్నారు. "మహాశయులారా! స్వదేశీ పరిజ్ఞానం నేడు అపోహలను పటాపంచలు చేసింది. ఈ నీటిలో ఏమీ లేదని ఈ గొట్టం తన మౌనంతో చాటి చెబుతోంది. ఇటువంటి మేధావి మన ప్రాంతంలో పుట్టడం మన పూర్వజన్మ సుకృతం!"

తర్వాత మైకు శివశంకర్ చేతికొచ్చింది. వాయువు పోయి గొట్టం చచ్చిందని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ మెడలో దండ ఉంది, ఎదురుగా కెమెరా ఉంది, ఎన్నో ఏళ్లకు మొదటిసారి ఎవరో తనను మేధావి అన్నారు. ఆయన "అందరికీ ధన్యవాదాలు" అని కూర్చున్నాడు.

నీటిలో ఏమీ లేదని తేలినందున మర్నాటినుంచి ట్యాంకరు ఆగిపోయింది. శివశంకర్ ఇంటి ముందు మాత్రం రద్దీ పెరిగింది. జనం బియ్యం తెచ్చారు, సెల్‌ఫోన్లు తెచ్చారు, ఒకాయన కాబోయే అల్లుణ్ణి తెచ్చాడు. గొట్టం ఎవరినీ తప్పుపట్టలేదు. కొల్లూరు నుంచి ప్లాట్ల బ్రోకర్లు కార్లలో వచ్చి దాంతో సెల్ఫీలు దిగారు. సైంటిస్టు గారి ఇంట్లో మాత్రం తాగడానికి కొన్న నీళ్ల క్యాన్లే వాడేవారు. అది శాస్త్రీయ దృక్పథం లేని జ్యోతి నిర్ణయం. శివశంకర్ దాన్ని ఖండించలేదు, ఆ నీళ్లే గ్లాసులో పోసుకునేవాడు.

ఒక సాయంత్రం బక్కమ్మ మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. పిల్ల మెడ దాకా దద్దుర్లు పాకాయి.

"నువ్వు సూసినవని ధైర్నంగ ఆ నీళ్లే తాపుతున్న బిడ్డా. మిషను మంచిగనే చెప్పె. మరి పోరికెందుకు తక్కువైతలేదు? నా చేతిలనే ఏమన్న దోషమున్నదా?"

శివశంకర్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ ముసలామె తన చేతినే అనుమానించుకుంటుంటే చూడలేకపోయాడు. ఈసారి కొత్త ఇస్త్రీ పెట్టెనే విప్పి, వేరే రేకు అతికించి, వాయువు నింపి, కాలనీ సమావేశం పిలిపించాడు.

"అన్నలారా, నన్ను మాఫ్ చెయ్యుండ్రి. ఆనాడు గీ గొట్టం పలిగింది. పలిగిందని నాకు ఎరికే, చెప్పలే. మంచిగున్న గొట్టం ఎక్కడైనా టిక్కు టిక్కు అంటది. ఇంకోటి, నీళ్లల్ల కెమికల్ ఉంటే ఇది చెప్పనే చెప్పది. మనకు ట్యాంకరు కావాలె," అని స్విచ్చు వేశాడు.

టిక్ అనగానే ముందు వరుస లేచింది. టిక్ టిక్ అనేసరికి కుర్చీలు పడ్డాయి, తల్లులు పిల్లలను చంకనేసుకుని బయటికి పరుగెత్తారు. వెనక నిలబడ్డ బ్రోకరు ప్లాటుకు ఇవ్వబోయే బయానా డబ్బు ఆపమని ఫోనులో ఎవరికో అరుస్తున్నాడు. శివశంకర్ చెప్పిన మాటల్లో ఒక్కటీ ఎవరికీ ఎక్కలేదు.

జైపాల్ ఊడబెరికినట్టు గొట్టానికి తగిలించిన బ్యాటరీ సెల్లులు లాగేశాడు. చప్పుడు ఆగింది. అందరూ ఊపిరి పీల్చుకుని, ఎవరి కుర్చీలో వాళ్లు సర్దుకున్నారు.

"శంకరన్నా, మొన్నటిదాంక కాలనీ మంచిగుండె. రిపేరు జేసి ఖరాబ్ చేసినవ్!" అన్నాడు జైపాల్.

అక్కడికక్కడే తీర్మానం జరిగింది. ప్రజారోగ్యం దృష్ట్యా, ఇకపై గొట్టాన్ని సెల్లులు లేకుండానే వాడాలి. సైంటిస్టు గారి సమ్మతి లాంఛనంగా అడిగారు. తలుపు దగ్గర బక్కమ్మ పిల్లను భుజాన వేసుకుని ఆయన వంకే చూస్తోంది.

"మరి నీళ్లెట్ల బిడ్డా?" అంది.

శివశంకర్ ఆమెను చూశాడు, సభను చూశాడు. సభ పెద్దది.

"అట్లనే కానియ్యుండ్రి," అన్నాడు. చప్పట్లు మోగాయి.

ప్రస్తుతం కాలనీలో ప్లాట్ల ధరలు నిలకడగా ఉన్నాయి. నీళ్లు పసుపుగానే వస్తున్నాయి గానీ, ఏ చప్పుడూ చేయడం లేదు. పాఠకులు కూడా ఒకసారి తమ ఇంటి నల్లా దగ్గర చెవి పెట్టి వినవలసిందిగా మనవి. ఏమీ వినిపించకపోతే నిశ్చింతగా తాగవచ్చు.