కవిగారి ఇల్లాలు

ఆ ఉదయం భూదేవి పెట్టుకున్న పని ఒక్కటే. కాచిగూడలో సంధ్యను మధ్యాహ్నం రైలెక్కించి, ఏడవకుండా నాలుగు మంచి మాటలు చెప్పడం. అశోక్‌నగర్‌లోని తన మేడమీది గదిలో అద్దెకుండి తెలుగు ఎమ్మే చదివిన ఆ పిల్లకు ఎక్కడో దూరాన గురుకులంలో ఉద్యోగం వచ్చింది. గదిలో ఉన్న ఆడపిల్లలు ఖాళీ చేసి వెళ్లే ప్రతిసారీ భూదేవి పోపు మాడిపోతోందని చెప్పి వంటింట్లో దూరేది. వాళ్లు వదిలేసి పోయిన పుస్తకాలు కూడబలుక్కుని చదివి ఇన్నాళ్లకు కాస్త ధైర్యం తెచ్చుకుంది. చెప్పాల్సిన మాటలు పచ్చడి నూరుతూ వల్లె వేసుకుంది కూడా.

"అమ్మమ్మా, జర నాతోని చిక్కడపల్లి దాంక రా. మా రమాకాంత్ సార్ సభ పెట్టిండు. కుర్చీలు నిండకుంటే నన్నే తిడ్తడు. అటునుంచి అటే స్టేషన్‌కు పోదాం," అంది సంధ్య, బ్యాగు భుజాన వేసుకుంటూ.

"ఎవరి సభనే?"

"హనుమప్ప అని కవి. మొన్ననే కాలం జేసిండు."

"బతికున్నప్పుడు పెట్టిండ్రా ఎన్నడన్న?"

"అప్పుడు పెడితే ఆయన కూడ మాట్లాడుతడు గద!"

రమాకాంత్ విశ్వవిద్యాలయంలో కవిత్వం బోధించే ఆచార్యుడు. కవిత అర్థమైందన్న విద్యార్థికి మార్కులు తగ్గించేవాడు. ఆయన బలవంతం మీద వచ్చిన పిల్లలు హాజరు పడగానే నారాయణగూడ వైపు చాయ్‌కి జారుకున్నారు. ఖాళీగా ఉన్న ముందు వరుసలో భూదేవిని కూర్చోబెట్టి, సంధ్య నీళ్ల సీసాలు సర్దడానికి వెళ్లింది. గుమ్మం పక్కన ఆ పిల్ల బ్యాగు కనబడింది. అంతే, భూదేవికి కన్నీళ్లు ఆగలేదు.

ఎదురుగా దండ వేసిన కవి ఫొటో. సభ మొత్తంలో ఏడుస్తున్నది ఆమె ఒక్కతే. కవి కోసం నిజంగా ఏడ్చేది ఆయన భార్య తప్ప ఇంకెవరుంటారని రమాకాంత్ తేల్చుకున్నాడు. మైకు అందుకున్నాడు. "మన అదృష్టం! కవిగారి అర్ధాంగి మన మధ్యే ఉన్నారు!"

ఏం జరుగుతోందో తెలిసేలోగా ఇద్దరు ఆచార్యులు చెరో రెక్క పట్టుకుని ఆమెను వేదిక ఎక్కించారు. శాలువా పడింది. సంధ్య పరుగెత్తుకొచ్చింది.

"సార్, ఆమె మా..."

"తెలుసమ్మా! ఆమె మనందరికీ అమ్మ!"

విమర్శకురాలు నళిని లేచి, వదినగారి చేతి సకినాలు తినకుండా తనకు ఆదివారమే గడిచేది కాదంది. ఆమె కంటే వెనకబడడం ఇష్టంలేని పక్కాయన, తనకు జ్వరమొస్తే ఈ తల్లే జావ కాచి పోసిందన్నాడు. ఇక రమాకాంత్ తాను ఆ ఇంట్లో కొడుకులా పెరిగానని చెప్పక తప్పలేదు.

భూదేవి శాలువా తీసేయబోతూ, "నేను ఆయన భార్యను గాదు సార్," అంది.

"విన్నారా! కవి లోకానికి చెందినవాడు, తనకు కాదంటున్నారు. ఎంత త్యాగం!"

చప్పట్లు.

"ఆయన మొఖం గూడ నేను ఎన్నడు సూడలే."

"ముఖం కాదు, అక్షరమే చూశారట!"

మళ్లీ చప్పట్లు.

"అయ్యో, రైలు పోతది. నన్ను ఇడ్సిపెట్టుండ్రి!"

"రైలు!" రమాకాంత్ కళ్లు మూసుకున్నాడు. "జీవితాన్ని ఒక్క మాటలో చెప్పేశారు!" వేదిక మీదివాళ్లంతా ఆ మాట రాసుకున్నారు. భయపడి ఆమె నోరు మూసుకుంటే, ఆ మౌనం మాటకంటే లోతుగా ఉందన్నారు.

గుమ్మం దగ్గర సంధ్య బ్యాగు ఎత్తుకుని చేతి గడియారం చూపించింది. ఇక ఆగితే రైలు దొరకదు. భూదేవి లేవబోతే ఆచార్యులు ప్రేమగా అదిమి కూర్చోబెట్టారు. ఆమె మైకు లాక్కుంది.

"పో బిడ్డా. నా కోసం ఆగకు. కొత్త నీళ్లు పడవు, కాచుకొని తాగు. ఎవరన్న ఏమన్న అంటే ఊకోకు. కొన్ని దినాలు మెట్ల మీద సప్పుడైతే నువ్వే అనుకుంట. తర్వాత అలవాటైతది. కాకున్నా నువ్వు రాకు. నీ పని నువ్వు జేసుకో."

సంధ్య చున్నీతో కళ్లు తుడుచుకుని, చెయ్యెత్తి, వెళ్లిపోయింది. భూదేవి ఎటూ దూరలేదు. ఆ పిల్ల మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"నీళ్లు కాచుకోవడమంటే తపస్సు," అని రమాకాంత్ వివరిస్తున్నాడు. "బిడ్డా అన్నది మృత్యువును..."

వెనక వరుసలో తలపాగా చుట్టుకున్న ముసలాయన లేచాడు. "నేను హనుమప్ప తమ్మున్ని, బుగ్గయ్యను. మా అన్నకు పెండ్లే గాలే సార్. మా ఇంట్ల సకినాలు ఎవరు జేసిండ్రో నాకైతే తెల్వది."

నళినికి అర్జంటుగా ఫోనొచ్చింది. జావ తాగినాయన నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"మరి మీరెవరమ్మా?" అన్నాడు రమాకాంత్, గొంతు తగ్గించి.

"కుర్చీ నింపనీకి వచ్చిన సార్."

మరునాడు గది చూడడానికి పాలమూరు నుంచి కొత్త అమ్మాయి వచ్చింది. భూదేవి ఆమెను పేరు అడగలేదు, కిరాయి చెప్పలేదు.

"నువ్వు సదివేది కవిత్వమైతే గాదు గద బిడ్డా?"