గీత దాటిన మొగుడు

లేత్ మిషన్ ముందు నిలబడ్డా కాలు ఒకచోట ఆగదు గనక ఫ్యాక్టరీ అంతా మనవాణ్ణి తూనీగ అంటుంది. పనికి బయల్దేరితే గేటు దాకా పోయి రెండుసార్లు వెనక్కొస్తాడు. అలాంటివాడికి సాఫ్ట్‌బాల్ పిచ్చి. ఫ్యాక్టరీలో ఆడే పద్ధతిలో బంతి నెమ్మదిగానే వేస్తారు. నెమ్మది లేనిది తూనీగకే.

పోయిన ఏడు పరుగు తీస్తూ, ఆఖర్న బంతి పట్టే క్యాచర్‌ని గుద్దుకుని, మోకాలు పగిలి ఆరు వారాలు మంచమెక్కాడు. సిటీబస్సు కండక్టరైన పెళ్ళాం అప్పుడే తేల్చేసింది. "ఇంకోసారి మోకాలు పగిలిందో, ఆట బంద్."

ఫైనల్‌కి మూడు రోజులుందనగా అంపైర్ జ్వరంతో పడ్డాడు. తూనీగ చంకలు గుద్దుకున్నాడు. పెళ్ళాన్నే అంపైర్ని చేస్తే? గట్టు మీంచి తిట్టదు. సొంత మొగుణ్ణి ఔటూ అనదు.

"నాకేం తెలుసయ్యా ఆ ఆట?"

"నేను నేర్పుతాగా. బస్సులో అరవైమందిని అదిలించేదానివి, ఇరవైమంది నీకో లెక్కా?"

హాల్లో బేసులకి బదులు దిండ్లు పరిచి పాఠం మొదలెట్టాడు. చుట్టూ తిరిగొస్తే ఒక పరుగు. ఆఖర్న కాలు పెట్టే ప్లేట్లు మాత్రం రెండు. ఒకటి క్యాచర్‌ది, వాడు ముందుగా బంతి పట్టి దాన్ని తొక్కితే ఔట్. పక్కది పరిగెత్తేవాడిది. ఒకర్నొకరు గుద్దుకోకుండా.

"మరి దానికి ముందు ఈ గీతేంటి?" ఆమె రూల్సు పుస్తకం మీద వేలు పెట్టింది.

"అది దాటాక వెనక్కి తిరిగితే ఔట్. ముసలాళ్ళ కోసం పెట్టార్లే, వదిలెయ్."

వదల్లేదు. ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకుంది. ఆ రూలు రాసింది మేనేజర్లు కాదు మరి, మోకాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు.

ఫైనల్ ఆఖరి ఘట్టం. లేత్ సెక్షన్ కన్నా ఎదుటి జట్టు ప్యాకింగువాళ్ళది ఒక్క పరుగు ఎక్కువ. తూనీగ చేరితే సమానం, ఔటయితే ఓటమి. మూడో బేస్ నుంచి లంఘించాడు. గీత దాటాడు. క్యాచర్ చెయ్యెత్తేసరికి బంతి వచ్చేసిందనుకుని గిరుక్కున వెనక్కి తిరిగాడు. బంతి క్యాచర్‌కి అందనే లేదు. తిన్నగా పోయుంటే బతికేవాడు.

"ఔట్."

"ఏమే, నేను నీ మొగుణ్ణి."

"నా బస్సెక్కితే మా నాన్నకైనా టికెట్టే. వెనక్కొచ్చావు, ఔట్."

"ఇంటికి రా, చెప్తా."

"ఇంకో మాటన్నావో, గ్రౌండు బయటే కూర్చుంటావు. ఆ రూలూ చదివా."

కూర్చున్నాడు.

ప్యాకింగు కెప్టెన్ వచ్చాడు. "అక్కా, ఇన్నేళ్ళలో ఎవడికీ దెబ్బ తగలని ఆట ఇదొక్కటే. ఇకనుంచి నువ్వే రావాలి."

"వస్తా. కానీ మొగుడు ఆడితే పెళ్ళాం తీర్పు ఎవడు నమ్ముతాడు? ఇద్దర్లో ఒక్కరే ఉండాలి. ఎవరో మీరే తేల్చుకోండి."

తూనీగ ఎగిరి లేచాడు. లేత్ సెక్షన్ మొత్తం తన మనుషులేనాయె. "చేతులెత్తించండి. న్యాయం న్యాయమే."

"అక్కే ఉండాలనేవాళ్ళు?"

ముందు లేచినవి లేత్ సెక్షన్ చేతులే. తర్వాత ప్యాకింగువి. తూనీగ చుట్టూ చూశాడు. ఎత్తని చెయ్యి తనదొక్కటే. ఆమె ఇటే చూస్తోంది.

తల గోక్కుంటున్నట్టు మొదలెట్టి, మెల్లిగా అదీ పైకెత్తాడు.