ఇన్‌స్పెక్షన్ రోజున గుమ్మడి వడియాలు

ఆ గురువారం ఉదయం జనార్దనరావు గారు పెట్టుకున్న పనులు మూడే. గుమ్మడి వడియాలు పెట్టాలి, వాటిని ఎండబెట్టాలి, మధ్యాహ్నం రెండింటికి అద్దె ఇల్లు చూడ్డానికి వచ్చే ఏజెంటు అమ్మాయికి తలుపు తీయాలి. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం పడతాయని ఆయనకు తోచలేదు.

కూతురు హరిప్రియకు మాత్రం మూడో పని ఒక్కటే కనబడుతోంది.

"నాన్నా, లీజ్ రెన్యూ చేసేదీ లేనిదీ ఇవాళ్టి ఇన్‌స్పెక్షన్‌ని బట్టే ఉంటుంది. ఈ ఇల్లు పోతే ఈ గంగాలిన్ పేటలో ఇంకోటి దొరకడం కష్టం. పోయిన వారం ఒక ఇంటికి నలభై మంది క్యూలో నిలబడ్డారట. ఇల్లంతా తుడిచేశాను. నువ్వు దేన్నీ ముట్టుకోకు. హీటర్ ట్వంటీలో ఉంది, అలాగే ఉండనీ."

"అలాగేనమ్మా."

"రోజూ అనే అలాగే కాదు నాన్నా. నిజం అలాగే."

కూతురూ అల్లుడూ ట్రామ్‌కి పరుగెత్తాక జనార్దనరావు గారు వంటింట్లోకి వెళ్ళారు. ఉప్పు పట్టించి రాత్రంతా గుడ్డలో మూటకట్టి బరువు పెట్టిన బూడిద గుమ్మడి ముక్కలు, రుబ్బిన మినప్పిండి, పచ్చిమిర్చి, ఇంగువ సిద్ధంగా ఉన్నాయి. భార్య సత్యభామ ఉన్న రోజుల్లో వడియాలు పెట్టడం ఆవిడ వంతు, గొడుగు పట్టుకుని కాకుల్ని తోలడం ఆయన వంతు. ఆవిడ పోయిన మూడేళ్ళకు ఆయనకు ప్రమోషన్ వచ్చింది.

పెరట్లో ఎండ లేదు. ఆస్ట్రేలియాలో జూలై చలికాలం కాబట్టి, కాన్‌బెరా సూర్యుడు పదింటికి మంచులోంచి తొంగిచూసి, హాజరు వేయించుకుని వెళ్ళిపోయాడు. జనార్దనరావు గారు ఉసూరుమంటూ లోపలికి వచ్చి, అలవాటు ప్రకారం హాల్లో, హీటర్ వేడిగాలి పైకి వచ్చే నేలజాలీ మీద నిలబడ్డారు. పంచెలోకి వెచ్చటి గాలి జుమ్మని వచ్చింది. రోజూ ఆ క్షణంలో ఆయనకు దేవుడు దయగలవాడనిపించేది. ఇవాళ దానికి తోడు ఒక ఆలోచన కూడా వచ్చింది.

అర్ధగంటలో ఇంట్లో ఉన్న తొమ్మిది నేలజాలీల మీదా తడి పంచె ముక్కలు పరుచుకున్నాయి. వాటి మీద వడియాలు వరసలు కట్టాయి. గుమ్మడి మూటకట్టిన గుడ్డను గోడలో గాలిని లోపలికి లాగే పెద్ద జాలీకి ఆనిస్తే, మేకు అవసరం లేకుండానే అతుక్కుపోయింది. పని త్వరగా కావాలని హీటర్‌ను ముప్ఫైకి పెంచారు. ముప్ఫై ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకు ఉష్ణప్రసారం పాఠం చెప్పిన మనిషి చేసిన పని ఇది.

గంటసేపు స్వర్గం. ఇల్లంతా ఇంగువ వాసన. తరువాత హీటర్ ఠక్కుమని ఆగింది. మళ్ళీ మొదలై మళ్ళీ ఆగింది. మూడోసారి గోడ మీది మీటలో ఎర్ర దీపం వెలిగి, ఇక ఉలకలేదు, పలకలేదు.

జనార్దనరావు గారు పక్క వీధి కనకరాజు గారికి ఫోన్ చేశారు. కనకరాజు గారు గోదావరి జిల్లాలో కరెంటు ఆఫీసులో పని చేసి రిటైరై కొడుకు దగ్గరకు వచ్చేసిన మనిషి. కరెంటు గురించి తప్ప అన్నింటి గురించీ సలహా ఇస్తారు.

"కంగారు పడకండి మాస్టారూ. ఆ పిల్ల వచ్చి వెళ్ళే గంటసేపు ఇల్లు వెచ్చగా ఉంటే చాలు కదండీ. మావాడు పెరట్లో మాంసం కాల్చుకునే బొగ్గుల పొయ్యి, అదేనండీ బార్బీ, తెస్తానుండండి."

"ఇంట్లో బొగ్గులా రాజు గారూ?"

"మన అమ్మమ్మలు కుంపటి పెట్టుకోలేదేటండీ?"

ఆయన అన్నంత పనీ చేశారు. రగిలించిన బార్బీని ఇద్దరూ మోసుకొచ్చి హాల్లో దింపారు. దేనిమీద అక్షరాలు కనబడినా చదివే అలవాటున్న జనార్దనరావు గారు దాని కాలికి అంటించిన చీటీ వంగి చదివారు.

"ఇంట్లో వాడితే ప్రాణం పోతుందని రాశాడండీ."

"కంపెనీలవాళ్ళు అలాగే రాస్తారండి."

ఈ విషయంలో పొగ అలారం జనార్దనరావు గారి పక్షం వహించి కెవ్వున అరిచింది. బార్బీని గబగబా పెరట్లోకి చేర్చి, పొగ పోవడానికి తలుపులూ కిటికీలూ బార్లా తెరిచారు. ఉన్న కాస్త వెచ్చదనమూ పొగతోపాటే వెళ్ళిపోయింది.

"మాస్టారూ, ఒంటిగంటన్నర. వడియాలు దాచేయండి."

వడియాల గుడ్డలు ఓవెన్‌లోకి, దుప్పట్ల బీరువాలోకి, బట్టలుతికే యంత్రంలోకి వెళ్ళాయి. మిగిలినవి స్నానాల తొట్టెలో పడ్డాయి. చివరి గుడ్డ పడిన క్షణానే తలుపు మోగింది. ఏజెంటు కైలీ పావుగంట ముందే వచ్చింది.

ఆమె పలకలాంటి ఫోన్‌తో ఒక్కో గదినీ ఫోటో తీస్తూ వెళ్ళింది. ఓవెన్ తెరిచింది. బీరువా తెరిచింది. తొట్టె ముందు చాలాసేపు నిలబడింది.

"వాట్ ఆర్ దీజ్?"

"కల్చరల్," అన్నారు కనకరాజు గారు గంభీరంగా.

కైలీ భక్తిగా మరో రెండు ఫోటోలు తీసుకుంది. తరువాత చేతులు రుద్దుకుంటూ ఇల్లు ఇంత చల్లగా ఉందేమని అడిగింది. కనకరాజు గారు ప్రాణాయామం గురించి ఏదో మొదలుపెట్టారు. జనార్దనరావు గారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. కూతురి ముఖం కళ్ళముందు మెదిలింది. లీజు పోవచ్చు. అయినా ఈ వయసులో అబద్ధం కొత్తగా నేర్చుకోవడం ఆయనవల్ల కాదు. పంచె ముక్కలు మొదలుకొని బార్బీ వరకూ ఒక్కటీ దాచకుండా ఇంగ్లీషులో చెప్పేశారు.

కైలీ అంతా విని బయటికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసింది. "అయిపోయిందండి," అన్నారు కనకరాజు గారు. పరామర్శకు వచ్చినట్టుంది గొంతు.

అరగంటలో ఒక వ్యాన్ వచ్చింది. దిగిన గ్యాస్ మెకానిక్ మనవాడే. పేరు సుబ్బు. వరంగల్ నుంచి అకౌంటింగ్ చదవడానికి వచ్చి, గ్యాస్ పనిలో స్థిరపడ్డాడు. విషయమంతా విని నవ్వాపుకోలేకపోయాడు.

"అంకుల్, అన్ని జాలీలు మూస్తే వేడి యాడికి పోవాలె? లోపలే మసిలి సేఫ్టీ స్విచ్ పడ్డది. మంచిగనే చేసింది అది. జాలీలు తీస్తే మళ్ళ నడుస్తది. ఎట్లయినా వచ్చిన గదా, ఒకపాలి విప్పి చూస్త."

ఇంటి వెనక హీటర్ పెట్టె విప్పిన సుబ్బు దాన్ని మళ్ళీ వెలిగించాడు. అరచేతిలో ఇమిడే, విషవాయువును కొలిచే యంత్రాన్ని లోపల పెట్టి చూశాడు. లేచి నేరుగా వెళ్ళి గ్యాస్ కట్టేశాడు.

"అంకుల్, ఇంట్ల ఎవరికన్న తలనొప్పులు వస్తున్నయా?"

"మా అమ్మాయికి... నెల నుంచి పొద్దున్న లేవగానే. ఆఫీసు స్ట్రెస్ అంటుంది."

"ఆఫీసు కాదంకుల్. మంట ఉండే డబ్బా పగిలింది. కార్బన్ మోనాక్సైడ్ జాలీలకెళ్ళి ఇంట్లకే వస్తున్నది. దానికి వాసన ఉండది, ఏం తెల్వది. పొగ అలారం దీన్ని పట్టది, దీనికి వేరే అలారం పెట్టాలె. ఇది రెండేండ్లకోసారి సర్వీస్ చేయించాలె, ఆరేండ్ల సంది ఎవరూ ముట్టలే. ఇయ్యాల ఆగకపోతే నేను రాకపోదును."

జనార్దనరావు గారు మెట్టు మీద కూర్చుండిపోయారు. పొద్దున్నే పంచెలోకి వచ్చిన గాలి గుర్తొచ్చింది. ఆ దేవుడు దయగలవాడే, కానీ ఆ దయ ఆ గాలిలో లేదు.

సుబ్బు అంతా ఇంగ్లీషులో మళ్ళీ చెప్తుంటే కైలీ ముఖం పాలిపోయింది. సర్వీసు చేయించాల్సింది ఓనరు, గుర్తుచేయాల్సింది ఆమె ఆఫీసు. ఇందాకటి వరకూ ఫోటోలు తీసిన చేతులతో జనార్దనరావు గారి చెయ్యి పట్టుకుని ఆమె మూడుసార్లు సారీ చెప్పింది. సాయంత్రానికల్లా రెండు కరెంటు హీటర్లు, ఒక కొత్త అలారం పంపించింది.

ట్రామ్ దిగి పరుగున వచ్చిన హరిప్రియ, వాడరాదని సుబ్బు హీటర్‌కు కట్టిన ఎర్ర చీటీ చూసింది, జరిగింది విన్నది. తండ్రి పక్కన కూర్చుని భుజానికి తల ఆనించింది.

"ఏదీ ముట్టుకోవద్దన్నాను కదా నాన్నా."

"అలాగే అన్నానమ్మా."

"థాంక్ గాడ్, రోజూ అనే అలాగే అన్నావు."

మూడు వారాల్లో రెండేళ్ళ కొత్త లీజు వచ్చింది. హీటరు మీద తినుబండారాలు ఆరబెట్టరాదని అందులో ఒక నిబంధన కొత్తగా చేర్చారు. కొత్త హీటర్‌ను గోడకు ఎనిమిదడుగుల ఎత్తున బిగించారు కాబట్టి, దాన్ని ఉల్లంఘించడానికి ఇప్పుడు నిచ్చెన కావాలి.