జూలీ కూర్చుంది

రెండువేల సంవత్సరం, దీపావళికి ముందురోజు. ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఏ మేడ చూసినా నిలువెల్లా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. అలాంటి ఓ మేడ వెనక రెండు గదుల వాటాలో వీరవెంకటసత్యనారాయణ గారు బూట్లు తుడుచుకుంటూ ఆ రోజు కార్యక్రమం భార్యకు వినిపిస్తున్నారు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో ఆడిట్ అధికారి. పంజాగుట్టలో ఓ కేంద్ర భద్రతా దళం వారి ఆఫీసు ఖర్చులను పది రోజులుగా తనిఖీ చేస్తున్నారు. ఇంకొక్క అభ్యంతరం రాసేస్తే పని పూర్తి. నాలుగింటికల్లా బయటపడొచ్చు.

"వచ్చేటప్పుడు ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో మా అన్నయ్య కూతురు భావనకి ఈ పొట్లం ఇచ్చి రండి. పాపం, పరీక్షలని పండక్కి ఇంటికి వెళ్లలేదు పిల్ల," అంది రత్నమాల. పొట్లంలో మతాబులు, చిచ్చుబుడ్లు, ఓ కట్ట సీమటపాకాయలు ఉన్నాయి.

"ఏంటి రత్నం, ఇది గవర్నమెంటు సంచి. దీని మీద నంబరు చూశావా? ఇందులో సొంత సామాను పెట్టకూడదు."

"మరి క్యారియర్ పెడుతున్నారుగా!"

"అది డ్యూటీలో తినేది."

ఆయన అంతే. తనిఖీకి వెళ్లినచోట టీ ముట్టరు. మంచినీళ్లు సుద్ధా ఇంటి నుంచే. ముప్ఫై ఏళ్ల సర్వీసులో మనిషి మీద ఒక్క మాట పడలేదు. రత్నమాలకు ఆయనంటే ఎంత ప్రేమో ఆయన రూల్సంటే అంత విసుగు. ఆయన లేసులు కట్టుకునేలోగా పొట్లాన్ని సంచి అడుగున పెట్టి, దాని మీద క్యారియర్ పెట్టేసింది. మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ చేసి చెబితే సరి, నలుగురిలో ఎలాగూ తిట్టలేరని ఆవిడ ధీమా.

మిగిలిన ఆ ఒక్క అభ్యంతరం పేరు జూలీ. అది బాంబుల వాసన పట్టే లాబ్రడార్ కుక్క. వయసు తొమ్మిదేళ్లు. మార్చిలో పెట్టిన పరీక్షలో, దాచిన పేలుడు మందు డబ్బాను కనిపెట్టలేకపోయింది. ముక్కు పనిచేయడం లేదని రిటైర్ చేసేశారు. కానీ ఏడు నెలలుగా దాని పేరు మీద మాంసం, పాలు నడుస్తూనే ఉన్నాయి.

"పనిచేయని కుక్కకి రోజూ మాంసం ఏంటి రఘురామ్ గారూ?" అని పంజాగుట్ట ఆఫీసులో, భోజనానికి లేవబోయే ముందు అడిగారు సత్యనారాయణ గారు.

రఘురామ్ ఆ ఆఫీసు ఇన్‌చార్జి. "వేలం వేశాం సర్. ఒక్కరూ రాలేదు. ముసలి కుక్కని ఎవరు కొంటారు చెప్పండి?"

"అయితే మునిసిపాలిటీకి అప్పగించండి. ఇవాళే. లేదంటే ఈ ఖర్చంతా మీ జీతంలోంచి రాబట్టమని రాయాల్సి వస్తుంది."

రఘురామ్ ఫోన్ చేసి మునిసిపాలిటీ బండిని నాలుగింటికి రమ్మన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ మొగిలయ్య లోపలికి వచ్చేశాడు. జూలీకి పని నేర్పి, దానితో ఎనిమిదేళ్లు తిరిగిన హవల్దార్ అతనే.

"సార్, గా బండెక్కిన కుక్క వాపస్ రాదు. నాకియ్యిండ్రి సార్, యూసుఫ్‌గూడల మా ఇంటికి తోల్కపోత. మీ కాళ్లు మొక్కుత."

"ప్రభుత్వ ఆస్తిని ఊరికే ఇవ్వడానికి రూలు లేదయ్యా," అన్నారు సత్యనారాయణ గారు తల ఎత్తకుండా. ఎత్తితే కలం కదలదని ఆయనకు తెలుసు. "ముందు దాన్ని తీసుకురా. కంటితో చూడందే నేను దేనిమీదా సంతకం పెట్టను."

జూలీ వచ్చింది. మూతి చుట్టూ నెరిసింది. అందరినీ మర్యాదగా చూసి, నేరుగా ఆడిట్ సంచి దగ్గరకు వెళ్లి, రెండుసార్లు వాసన చూసి, దాని ముందు కూర్చుంది.

"సార్," అన్నాడు మొగిలయ్య ఒకడుగు వెనక్కి వేసి. "జూలీ కూసుంది."

"కూర్చోనీ. ముసలిది, కాళ్లు నొప్పులేమో."

"నొప్పులు కాదు సార్. మందు దొరికితెనే గిట్ల కూసుంటది. మొరగది, కదలది."

సత్యనారాయణ గారు నవ్వి, సంచి తీసి అవతలి మూలన పెట్టారు. జూలీ లేచి, ఆ మూలకు వెళ్లి, మళ్లీ కూర్చుంది.

"రిటైరైన కుక్క సర్. కూర్చున్నా లెక్కలోకి రాదు," అన్నాడు రఘురామ్.

మొగిలయ్య బీరువాలోంచి రూల్సు పుస్తకం తెచ్చాడు. "నౌకరీల ఉన్న కుక్క అని ఇండ్ల రాసి లేదు సార్. కుక్క కూసుంటే జాగ ఖాళీ చెయ్యాలె అని ఉన్నది. గంతే."

సత్యనారాయణ గారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. నిజమే. రూలు కనబడ్డాక కాదనడం ఆయన వల్ల కాదు.

"ఖాళీ చేయించండి," అన్నారు.

ఆ తర్వాత ఏదీ ఎవరి చేతుల్లోనూ లేదు. పై అంతస్తు కంప్యూటర్ కోచింగ్ పిల్లలు రెండొందల మంది మెట్ల మీద పడ్డారు. సంచి దగ్గర కుక్క కూర్చుందన్న వార్త రోడ్డు చేరేసరికి ఆడిట్ ఆఫీసరే బాంబు తెచ్చాడట అయింది. కింద మిఠాయి దుకాణం హనుమాండ్లు, "అన్నా, పొయ్యి మీద మైసూర్‌పాక్ ఉంది, జర ఐదు నిమిషాలాగండి!" అని మొత్తుకున్నాడు. పోలీసులు వచ్చి అమీర్‌పేట వైపు బస్సులన్నీ ఆపేశారు.

"ఏమీ అనుకోకండి సర్. సంచిలో ఏమున్నాయో రాసివ్వాలి. రూలు," అని నసిగాడు రఘురామ్.

సత్యనారాయణ గారు ఎవరిదో స్కూటర్ సీటు మీద కాగితం పెట్టి రాసిచ్చారు: క్యారియర్ ఒకటి, ఫ్లాస్కు ఒకటి, కలాలు రెండు, ఫైళ్లు మూడు. ఇవి తప్ప వేరే ఏమీ లేవని ధ్రువీకరించడమైనది. కింద సంతకం, తేదీ, టైము.

సరిగ్గా అప్పుడే పైన ఆఫీసులో ఫోన్ మోగింది. ఎత్తేవాళ్లు లేరు. మూడుసార్లు చేసినా పలక్కపోయేసరికి రత్నమాల ఇంటికి తాళం వేసింది. ఆటో ఎక్కి, బస్సులు ఆగినచోట దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చేసరికి మొగిలయ్య లావుపాటి రక్షణ కోటు తొడుక్కుని జూలీతో మెట్లెక్కబోతున్నాడు.

"ఏమైందండీ?"

"నా సంచిలో బాంబుందంటోంది ఆ కుక్క."

రత్నమాల తల పట్టుకుంది. "బాంబు కాదండీ. భావన పొట్లం."

దగ్గర్లో ఉన్నవాళ్లు విన్నారు. కాసేపటికి రోడ్డంతా నవ్వింది. సత్యనారాయణ గారు ఫుట్‌పాత్ మీద కూలబడ్డారు. ముప్ఫై ఏళ్లలో మొదటి అబద్ధం, అదీ టైముతో సహా సంతకం పెట్టి ఇచ్చారాయన. భద్రతా దళం ఆఫీసులోకి టపాకాయలు తెచ్చిన ఆడిటర్ అని పైకి రాస్తే చాలు, ఉద్యోగం సంగతి అటుంచి, పేరు పోతుంది. "తప్పు నాదండీ, నేనే చెబుతాను వాళ్లకి," అని రత్నమాల ఆయన పక్కనే కూర్చుని ఏడ్చేసింది.

అందరూ పైకి వెళ్లాక జూలీ మళ్లీ మూలన సంచి ముందు కూర్చుంది, మొగిలయ్య పొట్లం బయటికి తీశాడు. రఘురామ్ ఆ కాగితాన్ని చేత్తో పట్టుకుని గొంతు తగ్గించాడు. "ఇది చించేస్తాను సర్. మీరు ఆ జూలీ ఖర్చు సంగతి మర్చిపోండి."

సత్యనారాయణ గారు కాగితం వంక ఆశగానే చూశారు. తర్వాత, "చించకండి. ఫైల్లో పెట్టండి," అన్నారు. అప్పుడే ఆయన చూపు మూలకు పోయింది. "అదేంటి, పొట్లం తీసేసినా ఇంకా లేవదేం?"

"దొర్కవట్టినంక బిస్కెట్ వెట్టాలె సార్. వెట్టేదాక లేవది," అన్నాడు మొగిలయ్య. "రిటైరైనంక బిస్కెట్లు బంద్ చేసిన్రు."

"ముక్కు పోయిన కుక్క మా పొట్లాన్ని ఎలా పట్టింది? మరి మార్చిలో ఎందుకు పట్టలేదు?"

"గా పరీక్ష డబ్బా ఏడేండ్లది సార్. అండ్ల వాసనే లేదు. ఉన్నదైతే గదా పట్టేది! కొత్తది కొంటమంటే ఆడిటోళ్లు వద్దన్నరు."

"ఏ ఆడిట్?"

రఘురామ్ ఓ పాత ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. 'పాత డబ్బాను కంటితో చూడడమైనది. బాగానే ఉన్నది. కొత్తది అనవసరపు ఖర్చు.' కింద పొడుగాటి సంతకం, ఆయనదే.

సత్యనారాయణ గారు కళ్లజోడు తీశారు. "తప్పు నాది మొగిలయ్య గారూ," అన్నారు. మొగిలయ్య జూలీ తల నిమిరాడు.

కింద మునిసిపాలిటీ బండి హారన్ కొట్టింది. సత్యనారాయణ గారు గబగబా రాశారు: కుక్క ముక్కు సరిగానే ఉంది. తప్పు పరీక్షది, ఆ తప్పుకు కారణం ఆడిట్. రిటైర్మెంటు రద్దు చేయవలెను. కొత్త డబ్బా కొనవలెను. ఏడు నెలల ఆహారం సక్రమమే, బిస్కెట్లు బకాయి. తన ధ్రువపత్రాన్ని కూడా దానికి జతచేసి సంతకం పెట్టారు. రఘురామ్ ఆ కాగితం పట్టుకుని బండిని వెనక్కి పంపడానికి పరుగెత్తాడు.

సత్యనారాయణ గారు నేల మీద చతికిలబడి క్యారియర్ విప్పారు. పెరుగన్నం, రెండు మినప గారెలు ఉన్నాయి. జూలీ అన్నీ తినేసి, గిన్నె నాకి, అప్పుడు లేచి తోక ఊపింది.

చీకటి పడకముందే భార్యాభర్తలు ఎస్.ఆర్. నగర్ వైపు నడుస్తున్నారు. పొట్లం ఈసారి రత్నమాల చేతిసంచిలో ఉంది.

"తనిఖీకి వెళ్లినచోట మంచినీళ్లు కూడా ముట్టనంటారే, ఇవాళ క్యారియరంతా అక్కడే ఖాళీ చేశారు. మీ రూల్సు ఒప్పుకుంటాయా?" అంది ఆవిడ.

"తీసుకోకూడదని ఉంది గానీ రత్నం, పెట్టకూడదని ఎక్కడా లేదు."